పురుడు దాచిన ఫైలు: రెండుసార్లు తిరస్కరించిన ఒక షెంగెన్ వీసా కేసు

విదేశీ ప్రయాణాలకు వీసా ఫైళ్లు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. ఈ కేసును ఆ కుటుంబం అనుమతితో రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వయసులు, కొన్ని తేదీలు, కొన్ని అంకెలు మార్చాను. నిబంధనలు మాత్రం అప్పుడు అమల్లో ఉన్నవే. రాయడానికి కారణం ఒక్కటే. ఇలాంటి ఫైళ్లు నెలకు రెండుమూడు నా దగ్గరికి వస్తున్నాయి. తప్పు ఎక్కడ జరుగుతోందో ముందే తెలిస్తే ఆ కుటుంబాలకు డబ్బు, దానికంటే ముఖ్యంగా సమయం మిగులుతాయి.

నేపథ్యం

గోదావరి జిల్లాలో ఒక పెద్ద ఊరు. హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరైన 66 ఏళ్ల మాస్టారు, 61 ఏళ్ల ఆయన భార్య. నాలుగెకరాల వరి, సొంత సేద్యం. ఇంట్లో మాస్టారి తల్లి ఉన్నారు, 88 ఏళ్లు. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం. కూతురు, అల్లుడు జర్మనీలో బ్లూ కార్డ్ (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి) మీద పనిచేస్తున్నారు. ఆ అమ్మాయికి తొలి కాన్పు, 2025 డిసెంబర్ మధ్యలో డేట్ ఇచ్చారు. పురుడు పోయడానికి తల్లి వెళ్లాలి. మాస్టారు తోడు వెళ్లాలి. ఇద్దరూ అంతకుముందు దేశం దాటలేదు.

జర్మనీ వెళ్లాలంటే మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. ప్రస్తుతం యూరప్‌లోని 29 దేశాలు ఈ ఉమ్మడి వీసా ఒప్పందంలో ఉన్నాయి. ఒక్క వీసాతో అన్నింటిలో తిరగొచ్చు, కానీ ఏ 180 రోజులు లెక్కపెట్టినా లోపల ఉన్నవి 90 రోజులు దాటకూడదు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజులకంటే ఆలస్యం చేయకూడదు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్న ఈ నిబంధన దగ్గరే ఈ కేసు పట్టాలు తప్పింది.

నా దగ్గరికి రాకముందు

జూన్‌లో వాళ్లు పక్క పట్టణంలో ఒక ఏజెంటును కలిశారు. జర్మనీకి అపాయింట్‌మెంట్లు దొరకడం లేదని, ఇంకో షెంగెన్ దేశానికైతే వచ్చే వారమే ఉందని, ఏ దేశం స్టిక్కర్ అయినా ఒకటేనని అతను చెప్పాడు. 21 రోజుల్లో ఐదు దేశాలు తిరిగే టూరు ప్లాన్ రాసిచ్చాడు. హోటళ్లన్నీ తర్వాత రద్దు చేసుకునే బుకింగులు. కూతురి పేరు ఫైల్లో ఎక్కడా లేదు. "డెలివరీ అని రాస్తే అక్కడే ఉండిపోతారనుకుంటారు, టూరిజం అని పెట్టండి" అన్నాడట. బ్యాలెన్స్ తక్కువగా ఉందని, మాస్టారి బావమరిది ఖాతా నుంచి 9 లక్షలు వేయించాడు. దరఖాస్తుకు సరిగ్గా మూడు వారాల ముందు.

జులైలో తిరస్కరణ వచ్చింది. షెంగెన్ తిరస్కరణ పత్రం అన్ని దేశాలకూ ఒకే నమూనాలో ఉంటుంది. కారణాలు వరసగా అచ్చువేసి ఉంటాయి, వర్తించేవాటికి టిక్ పెడతారు. వీళ్లకు రెండు టిక్కులు పడ్డాయి. ప్రయాణ ఉద్దేశం గురించి ఇచ్చిన సమాచారం నమ్మదగినదిగా లేదని ఒకటి. గడువులోపు తిరిగి వెళ్తారన్న దానిమీద సహేతుకమైన సందేహం ఉందని రెండోది.

ఆగస్టులో కుటుంబమే సొంతంగా రెండో ప్రయత్నం చేసింది, ఈసారి జర్మనీకే. కానీ కొత్త ఫైలు కాదు, పాత ఫైలునే మార్చారు. ఉద్దేశం మళ్లీ టూరిజమే. ఇద్దరికీ 90 రోజులు అడిగారు. కూతురు ఈమెయిల్లో పంపిన నాలుగు లైన్ల ఆహ్వానం జతచేశారు. పాత హోటల్ బుకింగులు కూడా అలాగే ఉంచారు. పట్టుదల కనిపించాలని డబ్బు తిరిగిరాని విమాన టికెట్లు కొన్నారు. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: షెంగెన్ వీసా కోసం ఇంతకుముందు వేలిముద్రలు ఇచ్చారా అని. వీసా రాలేదు కదా అనుకుని "లేదు" అని టిక్ పెట్టారు. ఈలోగా 9 లక్షలు బావమరిదికి తిరిగి వెళ్లిపోయాయి. ఆ లావాదేవీ కొత్త స్టేట్‌మెంట్‌లో స్పష్టంగా ఉంది.

రెండు వారాల్లో అవే రెండు టిక్కులు మళ్లీ వచ్చాయి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

సెప్టెంబర్ మొదటి వారంలో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అప్పటికి అయిదు నెలలు నిండి ఆరో నెల. "రెండుసార్లు కాదన్నారండీ, మూడోసారి పెడితే అమ్మను బ్లాక్ చేసేస్తారంటున్నారు, నిజమేనా?" అని అడిగింది. నిజం కాదు. తిరస్కరణ అంటే నిషేధం కాదు, ఎన్నిసార్లయినా దరఖాస్తు చేయొచ్చు. కానీ దరఖాస్తు వివరాలు, వేలిముద్రలు, తిరస్కరణలు షెంగెన్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వీసా డేటాబేస్‌లో అయిదేళ్ల దాకా ఉంటాయి. ఒక దేశం కాదన్న సంగతి ఇంకో దేశం అధికారికి తెర మీద కనిపిస్తుంది. అందుకే మూడోసారి ఏం పెట్టినా, మొదటి రెండు ఫైళ్ల పక్కన పెట్టి చూస్తారనుకునే పెట్టాలి.

మాస్టారిని పాత రెండు ఫైళ్ల నకళ్లతో రమ్మన్నాను. ఏ తిరస్కరణ కేసులోనైనా నేను ముందు చేసే పని ఇదే. కొత్త కాగితాలు అడగను, పాతవి చదువుతాను. వీళ్ల గురించి ఏమీ తెలియని అధికారిలా, ఆ కాగితాలు తప్ప వేరే ఆధారం లేనట్టుగా చదువుతాను.

అలా చదివితే కనిపించింది ఇది. జూన్‌లో ఐదు దేశాలు చూడాలనుకున్న వృద్ధ దంపతులు ఆగస్టు వచ్చేసరికి ఒకే పట్టణంలో మూడు నెలలు ఉండాలనుకుంటున్నారు. జూన్‌లో లేని కూతురు ఆగస్టులో ప్రత్యక్షమైంది. కూతురి ఇంట్లో ఉంటామంటూనే అవే రోజులకు హోటళ్లు బుక్ చేశారు. జూన్‌లో 9 లక్షలు వచ్చాయి, ఆగస్టులో పోయాయి. వేలిముద్రలు ఇవ్వలేదన్నారు, డేటాబేస్‌లో ఉన్నాయి. ఇద్దరూ సరిగ్గా 90 రోజులు, అంటే చట్టం అనుమతించే ఆఖరి రోజుదాకా అడిగారు.

ఆ అధికారి కుర్చీలో నేనున్నా ఇచ్చేవాణ్ని కాదు. ఈ మాట మాస్టారికి చెప్పడం కష్టమైంది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. "నేను అబద్ధాలాడానని రాశారా బాబూ?" అని అడిగారు. అలా రాయలేదని, ఫైలు ఒక కథ చెప్తుంటే మీరు ఇంకో కథలో ఉన్నారని చెప్పాను.

అప్పీలా, కొత్త దరఖాస్తా

తిరస్కరణ మీద అప్పీలు చేసే హక్కు షెంగెన్ చట్టంలోనే ఉంది, పద్ధతి మాత్రం ఆయా దేశాలది. జర్మనీ విషయంలో ఇంతకుముందు ఒక వెసులుబాటు ఉండేది. వీసా కార్యాలయానికే లేఖ రాసి పునఃపరిశీలన కోరేవాళ్లం. 2025 జులై 1 నుంచి ప్రపంచవ్యాప్తంగా దాన్ని ఎత్తేశారు. మిగిలింది బెర్లిన్‌లోని పరిపాలనా కోర్టుకు వెళ్లడం లేదా కొత్తగా దరఖాస్తు చేయడం.

కోర్టు వద్దన్నాను. నెలలు పడుతుంది, బిడ్డ డిసెంబర్‌లో పుడుతుంది. అంతకంటే పెద్ద కారణం, ఆ కాగితాల మీద ఆ నిర్ణయం తప్పు కాదు. అధికారి పొరబడినప్పుడు అప్పీలు చేయాలి. పొరపాటు మన ఫైల్లో ఉన్నప్పుడు ఫైలే మార్చాలి.

నేను చేసిన తప్పు

మొదటి వారం నేను కూడా దారి తప్పాను. టూరిజం అన్నది తీసేసి, "కూతురిని, అల్లుడిని చూడడానికి" అని కుటుంబ సందర్శన కింద ముసాయిదా తయారుచేశాను. కానీ కాన్పు సంగతి రాయలేదు. నా లెక్క ఇలా ఉంది: పసిబిడ్డను చూసుకోవడానికి వస్తున్నారంటే ఎక్కువకాలం ఉంటారన్న అనుమానం వస్తుంది, ఇప్పటికే తిరిగి వెళ్తారా అన్నదాని మీద టిక్ ఉంది, ఇంకొకటి ఎందుకు తెచ్చుకోవడం. పైగా నాలుగు పేజీల కవరింగ్ లెటర్ రాశాను, షెంగెన్ వీసా కోడ్ నిబంధనలు ఉటంకిస్తూ.

ముసాయిదా చూసి ఆ అమ్మాయి ఒకటే అడిగింది. "ఇందులో దాచాల్సింది ఏముందండీ? నా కాన్పుకు మా అమ్మ వస్తోంది. ఆ ఒక్కమాట ఎందుకు రాయలేదు?"

నా దగ్గర సమాధానం లేదు. ఏజెంటు చెప్పిన మాటనే నేను కొంచెం మర్యాదగా చెప్తున్నానని అప్పుడు అర్థమైంది. ఆ లేఖ మళ్లీ చదివాను. నవంబర్ చివర్లోనే ఎందుకు వెళ్లాలి, అన్ని రోజులు ఎందుకు ఉండాలి, ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు కాన్పే. దాన్ని తీసేస్తే ప్రతిదానికీ ఒక సాకు వెతకాలి. సాకులు ఎక్కువైతే ఒకదానితో ఒకటి పొసగవు. మొదటి రెండు ఫైళ్లకు జరిగింది అదే.

నాలుగు పేజీలూ పక్కనపెట్టాను.

మూడో ఫైలు

మొదట రోజుల లెక్క. కుటుంబం అసలు కోరిక అయిదు నెలలు. షెంగెన్‌లో 90 రోజులకు మించి కుదరదు, వైద్యపరమైన అత్యవసరం లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప పొడిగించరు. మరి అయిదు నెలలు ఎవరు చూసుకుంటారు? పరిష్కారం వాళ్లింట్లోనే దొరికింది. తల్లి మొదటి విడత ఉంటే, ఆమె వచ్చేశాక అల్లుడి తల్లి రెండో విడత వెళ్తారు. వియ్యపురాలితో మాస్టారి భార్యే ఫోన్లో మాట్లాడారు. పుట్టింటివాళ్లు పురుడు పోయడం, తర్వాత అత్తగారు అందుకోవడం మనకు కొత్తేమీ కాదు.

మాస్టారి భార్యకు 83 రోజులు అడిగాం, నవంబర్ 22 నుంచి ఫిబ్రవరి 12 వరకు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మాస్టారికి 30 రోజులే, డిసెంబర్ 21 వరకు. ఇది అధికారి కోసం కల్పించింది కాదు. సార్వా (వానాకాలం పంట) కోతలయ్యాకే ఆయన కదలగలరు, దాళ్వా (రెండో పంట) ఊడ్పులకు ఊళ్లో ఉండాలి. ఆ నెల రోజులు ముసలావిడను చూసుకోవడానికి కొడుకు సెలవు పెట్టి విశాఖ నుంచి వస్తాడు. ఇద్దరికీ 90 రోజులు అడిగిన రెండో ఫైల్లో ఈ పొలం, ఈ తల్లి ఎక్కడా లేరు. నిజానికి ఈయన తిరిగొస్తారనడానికి అంతకంటే పెద్ద ఆధారం లేదు.

పాత టూరు ప్లాన్‌లోని పారిస్, స్విట్జర్లాండ్ తీసేశాం. మాస్టారికి లండన్ చూడాలని కూడా ఉండేది. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, విడిగా వీసా కావాలి. పైగా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన షెంగెన్ వీసాతో లండన్ వెళ్తే మళ్లీ జర్మనీలోకి రానివ్వరు. ఈ సంగతి తెలియక ఇబ్బందిపడ్డవాళ్లను చూశాను.

డబ్బు విషయంలో బ్యాలెన్స్ పెంచే ప్రయత్నం చేయలేదు. నెలనెలా పింఛను పడే ఖాతా, దాంట్లో 3 లక్షల చిల్లర, 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు. ఉన్నది ఉన్నట్టు పెట్టాం. ఆ 9 లక్షల మీద మాత్రం చర్చ జరిగింది. అడగనిది మనమే ఎందుకు చెప్పాలని మాస్టారి కొడుకు అన్నాడు. అడగలేదు గానీ చూశారు, అది నా జవాబు. అది బావమరిది డబ్బని, తప్పుడు సలహాతో ఖాతాలో వేయించామని, తిరిగి ఇచ్చేశామని రెండు వాక్యాలు రాసి, బావమరిది సంతకం చేసిన కాగితం జతచేశాం. హఠాత్తుగా వచ్చి వెళ్లిన పెద్దమొత్తం కంటే నెలనెలా పడే చిన్న పింఛను అధికారికి ఎక్కువ నమ్మకం ఇస్తుంది. తల్లిదండ్రులకు ఈ మాట నమ్మించడమే కష్టం. బ్యాలెన్స్ ఎంత ఉండాలండీ అన్నదే అందరి మొదటి ప్రశ్న.

ఖర్చుల బాధ్యత అల్లుడి మీద పెట్టాం, జర్మనీ పద్ధతిలో. అక్కడ ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అని ఒక పత్రం ఉంది. అతిథి ఖర్చులన్నీ, అవసరమైతే తిప్పి పంపే ఖర్చు కూడా తానే భరిస్తానని ఆతిథ్యం ఇచ్చేవాళ్లు తమ ఊరి విదేశీయుల కార్యాలయానికి స్వయంగా వెళ్లి సంతకం చేయాలి. ఫీజు 29 యూరోలు. జీతం స్లిప్పులు, అద్దె ఒప్పందం చూసి, స్తోమత నిరూపితమైందని ఆ కార్యాలయమే దాని మీద రాస్తుంది. ఈమెయిల్లో పంపే ఆహ్వానానికీ దీనికీ పోలికే లేదు. సంతకం కూతురు చేయాలా, అల్లుడు చేయాలా? కూతురైతే బంధుత్వం నేరుగా కనిపిస్తుంది. కానీ ఆమె ప్రసూతి సెలవులోకి వెళ్తోంది. అక్కడ ప్రసవానికి ముందు 6 వారాలు, తర్వాత 8 వారాలు రక్షిత సెలవు, ఆ తర్వాత ఆమె ఆదాయం తగ్గుతుంది. అల్లుడిది శాశ్వత కాంట్రాక్టు. అందుకే అతను. ఆ కార్యాలయంలో అపాయింట్‌మెంట్‌కే మూడు వారాలు పట్టింది. సంతకం చేసిన ఒరిజినల్ పత్రం కొరియర్‌లో రావడానికి ఇంకో వారం. ఈ కేసులో మమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ నాలుగు వారాలే.

ఇక బంధుత్వం. మన పాస్‌పోర్టు ఆఖరి పేజీలో తండ్రి, తల్లి, జీవిత భాగస్వామి పేర్లుంటాయి. కూతురి పాస్‌పోర్టులో తల్లి పేరులోని "లక్ష్మి" ఇంగ్లిష్ ఎక్స్‌తో ఉంది. తల్లి పాస్‌పోర్టులో కె, ఎస్, హెచ్‌తో ఉంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. తల్లి పాస్‌పోర్టులో భర్త పేరు ఉండాల్సిన చోటు ఖాళీ, ఎందుకంటే 1980ల్లో జరిగిన ఆ పెళ్లి ఎక్కడా నమోదు కాలేదు. మనకు ఇది ఇంటింటి సంగతి. మన పేర్ల పద్ధతి తెలియని అధికారికి మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి ఇప్పుడు నమోదు చేయించాం, సర్టిఫికెట్ వచ్చింది. రెండు స్పెల్లింగులూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించాం. పాస్‌పోర్టు మార్పించే సమయం లేదు.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. మాస్టారికి బీపీ, షుగర్ ఉన్నాయి. చవక పాలసీతోనూ వీసా వస్తుంది, కానీ ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల ఆసుపత్రి పాలైతే అది పైసా ఇవ్వకపోవచ్చు. ప్రాణాపాయ స్థితిలోనైనా ముందున్న జబ్బులకు వర్తించే పాలసీ వెతికి తీసుకున్నాం. వీసా కోసం కొనే ఇన్సూరెన్స్ వేరు, మనిషి కోసం కొనేది వేరు.

కవరింగ్ లెటర్ ఈసారి ఒక పేజీ. ఇద్దరూ తెలుగులో చెప్పింది విని నేను ఇంగ్లిష్‌లో రాశాను. మొదటి పేరాలో కాన్పు. రెండో పేరాలో ఎవరు ఎప్పుడు వెళ్తారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఎందుకు. మూడో పేరాలో రెండు తిరస్కరణలు, ఆ ఫైళ్లలో చేసిన తప్పులు: దేశం తప్పు, ఉద్దేశం తప్పు, వేలిముద్రల జవాబు తప్పు. ఏజెంటు మీద ఒక్క మాటా వేయలేదు. సంతకం దరఖాస్తుదారుదే, బాధ్యతా వాళ్లదే. కూతురి డాక్టరు ఇచ్చిన ప్రసవ తేదీ పత్రం, పట్టాదారు పాస్‌బుక్, పింఛను పత్రం, మాస్టారి తల్లి ఆధార్ నకలు జతచేశాం. విమానం రిజర్వేషన్ మాత్రమే పెట్టాం, టికెట్ కొనలేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లేది. ఫిబ్రవరిలో ఆవిడ ఒంటరిగా తిరిగి రావాలి, మధ్యలో విమానం మారే బాధ ఉండకూడదు.

అక్టోబర్ 14న హైదరాబాద్‌లో సమర్పించారు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం ఇవ్వాలి, అవసరమైతే 45 రోజులదాకా తీసుకోవచ్చు. ఇరవయ్యో రోజున పాస్‌పోర్టులు వచ్చాయి. రెండింటిలోనూ వీసా ఉంది.

స్టిక్కర్ చదవడం

ఇక్కడితో కేసు అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఆవిడ స్టిక్కర్ మీద చెల్లుబాటు ఫిబ్రవరి 27 వరకు అని ఉంది. "ఇంకో పదిహేను రోజులు కలిపి ఇచ్చారు, అమ్మ 27 దాకా ఉండొచ్చు" అని కూతురు సంబరపడింది. దాని కిందే, ఉండగల రోజులు 83 అని ఉంది. రోజులదే ఆఖరి మాట. ప్రయాణం కాస్త వెనకాముందు అయినా ఇబ్బంది లేకుండా చెల్లుబాటుకు 15 రోజులు కలుపుతారు, అంతేగానీ ఉండే రోజులు పెరగవు. నవంబర్ 22న దిగితే 83వ రోజు ఫిబ్రవరి 12. పదమూడో తేదీ ఉంటే అక్రమ నివాసమే. ఇంత కష్టపడి తెచ్చుకున్న నమ్మకం ఒక్క రోజుతో పోతుంది. తిరుగు టికెట్ అదే తేదీకి కొనిపించాను.

సామాను

ఆవిడ సర్దిన పెట్టె చూడాలని నేనే అడిగాను. నెయ్యి రెండు కిలోలు, కోవా బిళ్లలు, కరివేపాకు, బాలింతకు పెట్టే కాయం. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురాకూడదు. నెయ్యి, కోవా రెండూ పాల ఉత్పత్తులే. పచ్చి ఆకులు, చాలా రకాల పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, కాబట్టి కరివేపాకు కుదరదు. కాయాన్ని నేతితో కలిపి చేశారు. దాన్ని ఇంట్లోనే ఉంచి శొంఠి, పిప్పళ్లు, వాము ఎండువి విడిగా తీసుకెళ్లమన్నాను. నెయ్యి అక్కడే దొరుకుతుంది, వెన్న కాచుకున్నా సరిపోతుంది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మాయికి మా గేదె నెయ్యి పెట్టలేనన్నమాట" అన్నారు. అవునని చెప్పడం తప్ప చేసేదేమీ లేకపోయింది.

బిడ్డకు మురుగులు, గొలుసు చేయించారు. విమానంలో వచ్చేవారికి పన్ను లేని వస్తువుల పరిమితి 430 యూరోలు. తాము వేసుకుని వెళ్లి తిరిగి తెచ్చుకునే నగ సంగతి వేరు, అక్కడే ఇచ్చేసే కానుక ఈ లెక్కలోకి వస్తుంది. దాటితే విమానాశ్రయంలో కస్టమ్స్ ఎర్ర దారిలో వెళ్లి చెప్పాలి. వెండి మురుగులు ఉంచి, బంగారం కూతురు ఇక్కడికి వచ్చినప్పుడు ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. మాత్రలు మాస్టారికి నెలకు, ఆవిడకు మూడు నెలలకు, డాక్టరు చీటీతో.

సరిహద్దు దగ్గర

వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానిస్తారని హామీ లేదు. తిరుగు టికెట్, ఉండే చిరునామా, ఇన్సూరెన్స్, డబ్బు చూపించమని సరిహద్దు అధికారి అడగొచ్చు. అందుకే ఆ కాగితాలన్నీ చేతిసంచిలో ఒకే కవర్లో, అల్లుడి ఫోన్ నంబరుతో సహా పెట్టించాను. ఇద్దరికీ చెప్పింది ఒక్కటే: అడిగినదానికి నిజం చెప్పండి, ఇంగ్లిష్ రాకపోతే కవర్ ఇవ్వండి. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్లో నమోదుచేసే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. కొన్నిచోట్ల కెమెరా ముందు నిలబెట్టి ఫోటో తీస్తారని ముందే చెప్పడం వల్ల కంగారుపడలేదు. ఎందుకు వచ్చారని ఆవిడను అడిగారట. "డాటర్, బేబీ" అన్నారు. అంతే, పంపేశారు. కాన్పు లేని కథ ఉన్న మొదటి ఫైలుతో వీసా వచ్చి ఉంటే, ఆ ప్రశ్నకు ఆవిడ ఏం చెప్పేవారో ఆలోచిస్తేనే భయం వేస్తుంది.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

తిరస్కరణతో వచ్చినవాళ్లను ఇప్పుడు మొదట ఒకటే అడుగుతున్నాను: అసలు ఎందుకు వెళ్తున్నారు? ఏజెంటు చెప్పింది కాదు, ఇంట్లో అనుకున్నది చెప్పమంటున్నాను. దానికే ఫైలు కడుతున్నాను. ఆ కారణంతో నిజంగా వీసా రాదనిపిస్తే, ఆ మాట చెప్పి ఫీజు తీసుకోకుండా పంపేస్తున్నాను.

అపాయింట్‌మెంట్ ఎక్కడ ఖాళీగా ఉందో చూసి దేశం ఎంచుకునే పద్ధతి మన జిల్లాల్లో బాగా పెరిగింది. నిజంగా ఎక్కువ రోజులు అక్కడ ఉంటే తప్పులేదు. లేకపోతే ఆ తిరస్కరణ అయిదేళ్లు వెంటాడుతుంది. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తుకు అవకాశం ఉంది కాబట్టి, కాన్పు తేదీ తెలిసిన రోజునే అసలు దేశం అపాయింట్‌మెంట్ వెతకడం మొదలుపెట్టమంటున్నాను. ఆతిథ్య పత్రం కోసం అక్కడివాళ్లు అదే వారంలో తమ ఊళ్లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పేర్ల తేడాలు, పెళ్లి నమోదు లాంటివి వీసా ఊసు లేనప్పుడే చక్కబెట్టుకోవచ్చు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వీటి అవసరం పడుతుంది.

మాస్టారు డిసెంబర్ 21న జర్మనీలో బయల్దేరి ఊడ్పులకు అందుకున్నారు. ఆవిడ మనవరాలికి స్నానాలు పోసి, ఫిబ్రవరి 12న వీల్‌చెయిర్ సాయం తీసుకుని ఒంటరిగా విమానం ఎక్కారు. మనవాళ్లకు 2024 ఏప్రిల్ నుంచి ఒక సౌకర్యం ఉంది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడితే, తర్వాత రెండేళ్లపాటు చెల్లే, ఎన్నిసార్లయినా వెళ్లిరాగల వీసా ఇవ్వొచ్చు. వీళ్లది ఇప్పుడు ఒకటి పూర్తయింది. మాస్టారు పారిస్ గురించి మళ్లీ అడుగుతున్నారు. ఈసారి నిజంగా టూరే, కాబట్టి టూరిజం అనే రాస్తాం.

రెండో విడత వెళ్లాల్సిన వియ్యపురాలి ఫైలు జనవరిలోనే నా బల్ల మీదికి వచ్చింది. తెలంగాణలో ఉంటారు, భర్త లేరు, పింఛను లేదు, పొలం అన్నదమ్ముల పేరు మీద ఉంది. మాస్టారి ఫైలును నమూనాగా తీసుకుంటే పనికిరాదు. ఆవిడను కూర్చోబెట్టి ముందు అదే ప్రశ్న అడిగాను.